రాజీ కుదురుస్తానన్న ఎండాకాలం

ఆ ఎండాకాలం మా బాపు కుదురుగా కూర్చోవడం మానేశాడు. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో పని ఆయనది. అడిగితే తప్ప మాట్లాడని మనిషి. అలాంటివాడు నడుస్తున్న మగ్గాన్ని వదిలి రోడ్డు మీదికి వచ్చేవాడు. కనిపించినవాళ్లనల్లా ఆపి, ఒక మాట పూర్తికాకముందే ఇంకో మాటలోకి దూకేవాడు. రెండు ముద్దలు తిని కంచం ముందు నుంచి లేచేవాడు. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా ముస్తాబాద్ దాకా నడిచిపోయి, చెప్పులు తెగి ఉత్త కాళ్లతో నవ్వుకుంటూ తిరిగొచ్చాడు. నిద్ర లేదు, అలసటా లేదు.

మొదట్లో మాకు బాగానే అనిపించింది. నేనప్పుడు పదో తరగతి. బాపు నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదలు. నేను అవ్వ అని పిలిచే మా అమ్మ కూడా బీడీలు చుట్టుకుంటూ మురిసింది. కానీ ఆయన మాటలు మెల్లగా, మా వాడలో ఎవరూ గొంతెత్తి మాట్లాడని సంగతి మీదికి మళ్లాయి. అడవిలో ఉన్నవాళ్లను మేం అన్నలు అనేవాళ్లం, అదీ అటూ ఇటూ చూసి. వాళ్లకు అన్నం పెట్టారని పోలీసులు, పోలీసులకు మాట మోశారని అన్నలు, ఎవరో ఒకరు వచ్చి మనుషుల్ని తీసుకుపోతున్న కాలం అది. బాపు పట్టపగలు బస్టాండు ముందు నిలబడ్డాడు.

“రెండు దిక్కులోళ్లను నేను కూసోవెడ్త. నా మాటంటే ఇంటరు. రాజీ జేపిస్త!”

చుట్టూ ఉన్నవాళ్లు జారుకున్నారు. కాసేపటికి పక్కింటాయన మా ఇంటికి ఉరికొచ్చాడు. “అక్కా, బావ సీదా పోలీస్ స్టేషన్లకు పోయిండు!” అవ్వ ఒళ్లోని బీడీ ఆకుల చాట కింద పడేసి పరుగెత్తింది. వెనక నేను.

బాపు ఎస్సై బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఎవరు పంపిండ్రురా నిన్ను?” అన్నాడు ఎస్సై.

“ఎవ్వలు పంపలే సార్, నేనే అచ్చిన. మీరు ఊ అనుర్రి, పోయి గాళ్లతోని మాట్లాడత.”

ఎస్సై ముందు నవ్వాడు. తర్వాత నవ్వడం ఆపాడు. “అంటే గాళ్లు ఎక్కడుంటరో నీకు ఎరుకేనన్నట్టు.”

బాపు నోరు తెరిచేలోపు అవ్వ అడ్డుపడింది. “సార్, నీ కాల్మొక్త! ఈయినకు మతి మంచిగ లేదు. ఈయిన మాటలు పట్టుకోకుర్రి.”

ఆ మాట మా ఇంట్లో అంతవరకు ఎవరం అనలేదు. బాపును పొద్దుగూకేదాకా ఉంచుకుని పంపించేశారు. ఒక్క దెబ్బ కూడా వేయలేదు. దారిలో బాపు, “అందరి ముంగట నన్ను పిచ్చోన్ని జేసినవు గదనే,” అన్నాడు. అవ్వ కొంగు నోటికి అడ్డంపెట్టుకుని నడిచింది.

పోలీసులు కొట్టి మతి పోగొట్టారని వాడలో కొందరన్నారు. కొట్టకుండా వదిలారంటే ఏదో చెప్పే ఉంటాడని మిగతావాళ్లన్నారు. ఆ రెండో మాటకే మాకు వణుకు. అది అడవి దాకా పోతే? ఎవరైనా గొళ్లెం కదిపితే చాలు, ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం. వారం తిరక్కుండానే కోరుట్లలో పెద్దమ్మ ఇంటికి బస్సెక్కాం.

అక్కడ బాపు మాటలు తగ్గి, చివరికి ఆగిపోయాయి. గోడవైపు తిరిగి పడుకునేవాడు. అది విశ్రాంతి కాదు. పడుకున్నచోటే పాదాలు ఒకదానితో ఒకటి రాసుకునేవాడు, లేచేవాడు, మళ్లీ పడుకునేవాడు. “నేనుంటె మీకందరికి ముప్పే,” అని మాత్రం అనేవాడు. ఆ మాట విన్నాక, ఆయన పెరట్లో బావి వైపు నడిస్తే అవ్వ నన్ను వెంట పంపేది. పెద్దమ్మ తాయెత్తు కట్టించింది. పోలీసుల దెబ్బల భయం అది, మెల్లగా పోతుందనేది. ఎవరూ కొట్టలేదని అవ్వ ఎంత చెప్పినా నమ్మలేదు.

చివరికి, కరీంనగర్ నుంచి వారానికోసారి జగిత్యాల వచ్చే మనసు జబ్బుల డాక్టరు దగ్గరికి నలుగురం వెళ్లాం. తిండి లేదని, కూర్చుని ఏడుస్తాడని అవ్వ చెప్పింది.

“దీనికి ముందు ఎప్పుడన్న మస్తు ఖుషీగ ఉండెనా?” అని అడిగాడు డాక్టరు.

ఏడుపు గురించి వస్తే సంతోషం గురించి అడుగుతాడేమని అవ్వ నావైపు చూసింది. తర్వాత ముస్తాబాద్ నడక, బస్టాండు, రాజీ, అన్నీ చెప్పింది.

“రెండూ ఒకటే బీమారి అమ్మా. పైకి లేపేది గదే, కింద పడేసేది గదే. దయ్యం కాదు, గాలి కాదు. గోలీలతోని అదుపుల ఉంటది. మంచిగైందని మాత్రం ఆపద్దు.”

“పోలీసోళ్ల దెబ్బలకు గాదా సార్?” అంది పెద్దమ్మ.

“నన్నెవ్వలు కొట్టలే,” అన్నాడు బాపు. ఎన్నో రోజుల తర్వాత విన్న గొంతు. అవ్వ వైపు చెయ్యి చూపించాడు. “గీమె గానాడు నిజమే జెప్పింది సార్.”

గోలీలు పనిచేశాయి, చేతుల్ని వణికించాయి కూడా. సిరిసిల్లకు తిరిగొచ్చాక తెగిన పోగు ముడివేయలేక, మగ్గం వదిలి కండెలకు నూలు చుట్టే పనికి మారాడు. “గప్పుడు పెయ్యి దూది లెక్క ఉండె బిడ్డా,” అనేవాడు నాతో, ఆ ఎండాకాలం ఒళ్లెంత తేలిగ్గా ఉండేదో తలుచుకుంటూ. ఒకసారి గోలీలు ఆపేశాడు. మాటలు మళ్లీ పెరిగాయి. ఈసారి అవ్వ బస్టాండు గొడవ దాకా రానివ్వలేదు, ముందే జగిత్యాల తీసుకుపోయింది.

అయినా మాకు నెమ్మది లేకుండా పోయింది. బాపు దిగులుగా ఉంటే భయం, హుషారుగా ఉంటే ఇంకా భయం. ఒక సాయంత్రం పక్కింటాయన ఏదో చెబితే బాపు పగలబడి నవ్వాడు. అవ్వ చేతిలో బీడీ ఆగింది. నేను పుస్తకం మూశాను. బాపు మా ఇద్దరినీ చూశాడు.

“ఏందే, నవ్వుగుడ నవ్వద్దా నేను?”

“నవ్వు, ఎవలద్దన్నరు? గోలీ ఏసుకున్నవా?”

“ఏసుకున్న.”

అవ్వ బీడీకి దారం చుట్టింది. బాపు పక్కింటాయన వైపు తిరిగి, “మల్ల జెప్పు, ఏమన్నడు వాడు?” అన్నాడు. మళ్లీ నవ్వాడు. ఆ నవ్వు ఎప్పుడు ఆగుతుందా అని వింటూ కూర్చున్నాను.