అర్థం కాలేదన్నాను

ఈ రోజు మధ్యాహ్నం అరుగు మీద ఒక్కదాన్నే విత్తనం చెనక్కాయలు ఒలుస్తుంటే పక్కింటి లావణ్య ఇంగ్లీషు పుస్తకం పట్టుకొని వచ్చింది. ఏడో తరగతి పిల్ల. మా పాప మౌనిక చనిపోయినప్పటి నుంచి మా ఇంటికి రావడమే మానేసింది.

“పెద్దమ్మా, పాఠం తెలుగులో చెప్తా, వింటావా?”

“నాకేం ఇంగ్లీషు తెలుస్తాదే? మీ టీచర్‌కు చెప్పుకోపో.”

“తెలియనోళ్లకే చెప్పల్లంట. ‘మా అమ్మకు అర్థమయితేనే నేను ఇంగ్లీషులో రాస్తా’ అని మౌనికక్క అంటాండె.”

నిజమే, మౌనిక రోజూ ఈ అరుగు మీదే నాకు పాఠం చెప్పేది. నాకు పొద్దు పోవడానికి చెప్తోందనుకునేదాన్ని. అది దాని చదువని ఈ రోజే తెలిసింది.

వాన కోసం చూసే కప్ప కథ. లావణ్య చక్కగా చెప్పింది.

“అర్థమయిందా పెద్దమ్మా?”

“లేదు. ఇంకోసారి చెప్పు.”

“అక్క ముందే చెప్పినాదిలే, నీకు రెండుసార్లు చెప్పల్లని!” అని నవ్వి మళ్లీ మొదలుపెట్టింది.

నాకు మొదటిసారే అర్థమైంది. ఇంట్లో పిల్ల గొంతు వినపడి చాన్నాళ్లయింది, అందుకే అట్లా అన్నాను. మీలో ఎవరికైనా లావణ్య కనపడితే ఈ సంగతి చెప్పొద్దండి. రేపు కూడా రానీయండి.