ఆగుండ్రి, పంతులు రానీ!

నిన్న మధ్యాహ్నం దోహాలో, ముషైరిబ్ మెట్రో స్టేషన్‌లో ఎస్కలేటర్ మీద ఉండగా డ్రైవర్ రాజయ్య ఫోన్.

"సారూ, మన మల్లేశం ఇగ లేడు. డ్యూటీ దిగొచ్చి మంచం మీద కూసున్నడు. కూసున్నోడు కూసున్నట్టే..."

మెట్టు పైకి చేరింది. దిగవలసిన చోట నేను దిగలేదు. తూలిపోతుంటే వెనుకనున్న వారెవరో పట్టుకున్నారు.

నిజం చెబుతాను. నాకు ముందుగా వచ్చింది దుఃఖం కాదు, కోపం.

మా ఇద్దరి మధ్య ఒక తగవు తెగకుండా ఉంది. అది తేలకముందే లేచిపొమ్మని నీకు సెలవెవరిచ్చారయ్యా?

ఇక్కడి కొత్తవారికి మల్లేశం అంటే తెలియకపోవచ్చు. 'దుబాయ్ క్యాసెట్టు' అంటే తెలుస్తుంది.

ఉమ్ సలాల్‌లో తాను పనిచేసే తోటలో, చలికాలపు ఒక శుక్రవారం, డప్పు పట్టి అతడు పాడిన పల్లెపాటలవి. కూలీలు, డ్రైవర్లు, మావంటి ఆఫీసు జనం, అందరమూ ఇసుక మీదే కూర్చుని విన్నాం. రాజయ్య తన టేప్‌రికార్డర్‌లో పట్టాడు. అల్ దోహా అల్ జదీదాలో ఒక చిన్న దుకాణంవాడు కాపీలు తీసి ఇస్తే, సెలవు మీద ఊరికి వెళ్ళే ప్రతివాడూ పెట్టెలో ఒకటి వేసుకున్నాడు.

జగిత్యాల వైపు పల్లెల్లో దానికి దుబాయ్ క్యాసెట్టని పేరు పడింది. ఇది ఖతార్ మహాప్రభో అంటే విన్నవారు లేరు.

ఆ క్యాసెట్టులో అన్నిటికన్నా ముందు వినిపించేది నా గొంతు. సరస్వతీ ప్రార్థన, ఒక చంపకమాల.

అది నేను అడిగి పుచ్చుకున్న చోటు కాదు. మల్లేశమే నా గదికి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచి, "పంతులూ, దేవుని పద్యం లేంది నేను డప్పు ముట్ట" అన్నాడు.

కావ్యానికి అవతారిక ఎంతో, ఆటకు నాంది అంత. బడి ముఖం సరిగా చూడని మనిషికి ఆ సంగతి తెలిసినందుకు ఆనాడు పొంగిపోయాను.

పోయిన నెల ఆ క్యాసెట్టు ఆన్‌లైన్‌లో కొత్తగా వచ్చింది. 'పూర్తి కచేరీ' అని పేరు. హైదరాబాద్ స్టూడియోవారు రాజయ్య దాచిన అసలు టేపులు తీసుకుని, బూజు దులిపి, క్యాసెట్టులో పట్టక మానేసిన పాటలన్నీ చేర్చారు.

స్నానం చేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను.

జనరేటర్ మోత.

వంటవాడి కేక, "చాయ్ రెడీ!"

జనం విసుగు. "యల్లా మల్లన్నా, యల్లా! జల్ది కానియ్యి, తెల్లారిపోతది!"

డప్పు మీద ఒక చరుపు. చల్లబడితే దాని గొంతు పోతుంది కదా, మంట దగ్గర కాచి మళ్ళీ చరిచి చూస్తున్నాడు. పాట మాత్రం ఎత్తడం లేదు.

అప్పుడు అతని మాట.

"ఆగుండ్రి. పంతులు రానీ!"

ఆ రోజు దారిలో నా కారు ఆగిపోయి ఆలస్యమైంది. నాకోసం అంత సభనూ ఆపి కూర్చున్నాడని ఇన్నేళ్ళూ నాకు తెలియదు. అతడూ చెప్పలేదు. నా కళ్ళు చెమర్చాయి.

మరుక్షణం పాట మొదలైంది.

పంతులు రాలేదు.

వెనక్కి తిప్పి విన్నాను. రాలేదు.

అన్నీ పెరిగిన ఆ కచేరీలో తరిగిపోయినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఫోన్ చేశాను. "నా పద్యమేదయ్యా?"

"అదా పంతులూ... పద్యం కాడ జనం ముంగటికి నూకి పోతరని స్టూడియోల పిలగాండ్లు అన్నరు. తీసేద్దమా అన్నరు."

"నువ్వేమన్నావు?"

"తియ్యిండ్రి అన్న."

"జనరేటర్‌ను ఉంచావు కదయ్యా!"

"జనరేటర్ లేకుంటే మన తోట యాదికొస్తదా?" నవ్వాడు.

"పద్యం లేనిది డప్పు ముట్టనన్న నోరేనా ఇది?"

"అప్పుడు దేవునికి పాడినం పంతులూ. ఇప్పుడు ఫోన్లకు పాడుతున్నం."

పెట్టేశాను. అదే మా కడపటి మాట.

పరాయివాడు కోస్తే దాన్ని కత్తిరింపు అంటాం. నాందిని కోరి పిలిచినవాడే కోస్తే ద్రోహం అంటాం. అతడు పోయాడని ఈ రోజు ఇంతకంటే మెత్తని మాట వెతకలేను.

నిన్న సాయంత్రం ఉమ్ సలాల్‌లో అతని గదికి వెళ్ళాను. దేహం ఆసుపత్రిలో ఉంది. ఊరికి పంపే ఏర్పాట్లు జరుగుతున్నాయి. గదిలో అతని మంచం, మేకుకు డప్పు, నేలమీద తోటి పనివాళ్ళు.

"ఒక్కసారి ఆయన గొంతు ఇందం సారూ" అని రాజయ్య ఫోన్‌లో కచేరీ పెట్టాడు.

జనరేటర్. చాయ్. యల్లా.

"ఆగుండ్రి. పంతులు రానీ!"

రాజయ్య వేలితో ఆపేశాడు.

గదిలో అందరూ నావైపు చూశారు.

లేచి నిలబడ్డాను. ఆ పాత చంపకమాలే చదివాను. మూడో పాదంలో ఊపిరి అందలేదు. ఎవరూ ముందుకు నూకలేదు.

పద్యం పూర్తయ్యాక రాజయ్య మళ్ళీ నొక్కాడు. మల్లేశం పాట ఎత్తుకున్నాడు.

నాందిని తీసేసినవాడివి, భరతవాక్యం మాత్రం నన్నడగకుండా నా నెత్తిన పెట్టి పోయావు. ఇదిగో, తీసుకో.

పాట పాడి పోయె పల్లెగొంతుక నేడు
డప్పు చల్లబడియె నిప్పు లేక
తొలుత నన్ను మరచి తుదకు పిలిచినావు
శాంతి నొందు మింక చాలు నలుక

అలుక చాలన్నాను. తగవు తీరిందని అనలేదు.

వెళ్ళిరా మల్లేశం. చేరినచోట నీకు చల్లని విశ్రాంతి దొరుకుగాక.

అక్కడైనా, నేను వచ్చేదాకా పాట ఎత్తకు.