వదినె చేతి నేలుసిరి రసం

మొన్న పొద్దున మహబూబాబాద్ నుంచి ఫోనొచ్చింది. "అత్తా, అమ్మ నిద్రలనే పోయింది" అన్నడు మా అన్న కొడుకు. ఏడుపు కన్న ముందు నాకు కుళ్లు పుట్టింది. అన్న పోయి చాన్నాళ్లయింది. ఆయన దగ్గరికి గూడ నాకన్న ముందు వదినెనే పోయింది.

సాయుధ పోరాటం నాడు అన్న దళంల ఉండె. జనగామ పక్కన మా ఊరు. ఆయన ఇంటికొస్తే నీళ్ల చెంబు అందిచ్చుడు నా పని. ఇంకెవరన్న ముట్టుకుంటే ఏడ్చేదాన్ని. ఒకపారి భూపాలపల్లి అడవులల్ల ఆయనకు చలిజరం పట్టింది. జరానికిచ్చిన పసుప్పచ్చ గోలీలు కడుపును కాల్చినయి. కామెర్లొచ్చి కండ్లు పచ్చవడ్డయి. దళంల మందుల సంచి మోసే ఒక పడుచుపిల్ల నేలుసిరి మొక్క దంచి, రసం సల్లల కలిపి తాపిందట. "గోలీ జరాన్ని సంపుతది. మరి మనిషి కార్జాన్ని ఎవరు సూడాలె?" అనేదట. అన్న తేరుకున్నడు. అది ఆకు బలమో, వయసు బలమో ఎవరికెరుక.

పోరాటం ఆగినంక ఆ పిల్లను పెండ్లి చేసుకొని తెచ్చిండు. గడపల నేను చెంబు పట్టుకొని నిలబడ్డ. ఆయన ఆమె దిక్కు తిరిగి, "జర సల్ల కలుపు" అన్నడు. ఇగ ఊళ్లె ఎవరికి పానం బాగలేకున్నా ఆమెనే గావాలె. మా అవ్వ సుత "కోడలు చేతిల గుణమున్నది" అనేది. వదినె మాత్రం మొక్కల కోసం నన్ను వెంటబెట్టుకొని తిరిగేది. "అన్ని పీకకు పిల్లా, రెండు ఇడిసిపెట్టు. ఎనుక వచ్చేటోళ్లకు గావాలె" అనేది.

ముసలితనంల అన్నకు క్యాన్సర్ వచ్చింది. పట్నం దవాఖానల కీమో పెట్టిండ్రు. వాంతులు, నోటి నిండ పుండ్లు. కార్జం, అదే లివరు, దెబ్బతింటున్నదన్నరు. అన్న నేలుసిరి అడిగిండు. వదినె పోయి డాక్టరమ్మను అడిగింది.

"ఆ మొక్కల మీద పరిశోధనలు నడుస్తున్నయి అవ్వా. కానీ ఈ మందుతోని కలిస్తే మేలో కీడో మాకే తెల్వదు. ఇప్పుడైతే వద్దు. మందు మోతాదే తగ్గిస్తం" అన్నదామె.

వదినె దంచనన్నది. అన్న అలిగి నా దిక్కు తిరిగిండు. "చెల్లె, నువ్వన్న తే."

ఎన్నేండ్లకు నన్ను అడిగిండు! పెరట్ల మొక్కలు పీకి, కడిగి, దంచిన. గిలాస తీసుకపోతుంటే వదినె అడ్డం నిలబడ్డది.

"నాకన్న మంచిగ దంచినవు" అన్నది వాసన చూసి. "కానీ వద్దు పిల్లా. డాక్టరమ్మకు తెల్వనిది నాకు సుత తెల్వదు."

"నీకేం వదినె. ఆయన జన్మంత నిన్నే అడిగిండు."

"ఇప్పుడు నాతోని మాట్లాడుతలేడు గద."

ఆ మాటకు గిలాస పారవోసిన.

కీమో అయిపోయేదాక అన్న ఆమెతోని మాట్లాడలె. ఆమె దినాం ఆయన కాళ్లు పిసికింది. గండం గడిచింది. డాక్టరమ్మ సరేనన్నంక, రసం కలిపి మొదటి గిలాస నా చేతికే ఇచ్చింది. అన్న ఒక్క గుటక మింగి, "గిది మీ వదినె కలిపిందే" అన్నడు. నాకు మళ్ల కడుపు మండింది. వదినె నవ్వింది.

మొన్న నేను పోయేటాలకు వదినెను సూడనీకి ఎక్కడెక్కడి ఆడోళ్లో వచ్చిండ్రు. భూపాలపల్లి దిక్కు నుంచి వచ్చిన ఒకామె మాకు తెల్వని భాషల ఆమెను ఏదో పేరు పెట్టి పిలుసుకుంట ఏడ్చింది. ఒకరు నీళ్లు పోసిండ్రు, ఒకరు చీర గట్టిండ్రు. దువ్వెన మాత్రం నేను ఎవ్వరికీ ఇయ్యలె. పల్చటి తెల్లజుట్టు, ఒక్క చిక్కు లేదు. వాకిట్ల పాడె కట్టి మగోళ్లు పిలుస్తున్నా, దువ్వుకుంటనే కూసున్న.