మూత మీద రెండు పచ్చి బొగ్గు పెళ్లలు

మా చిన్నతనంలో, డెబ్బైల నాటి గోదావరిఖనిలో, పొద్దున్నే ప్రతి క్వార్టరు ముందూ ఓ బొగ్గుల పొయ్యి పొగలు కక్కుతుండేది... బొగ్గుబాయిలో పనిచేసేవాళ్ల ఇళ్లకు కంపెనీ బొగ్గు ఊరికే వచ్చేది. పొయ్యిని వాకిట్లో అంటించి, పొగంతా పోయి బొగ్గులు ఎర్రబడ్డాకే లోపలికి తెచ్చుకోవాలి. మా బట్టలకూ జుట్టుకూ అన్నానికీ అదే వాసన... మాకు అది వాసనని కూడా తెలియదు.

మొన్న పక్కింటి అమ్మాయి, "ఆంటీ, ఓవెన్ లేకుండా కేకు ఎలా చెయ్యాలి?" అని అడిగింది. చెప్పాను. చెప్పి, వంటింట్లోకి వెళ్లి చాలాసేపు ఏడ్చాను.

నేను నాలుగో తరగతిలో ఉండగా మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, ఇక బాయి డ్యూటీకి పనికిరాడని డాక్టర్లు తేల్చేశారు. నాలుగడుగులు వేస్తే ఆయాసం ఆయనకు. డ్యూటీ పోతే క్వార్టరూ పోతుంది. నెల రోజుల్లో ఖాళీ చెయ్యాలి... మా అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. ఆమె ఒక ఆఫీసరు బంగ్లాలో గిన్నెలు తోమేది. అప్పుడే అక్కడ వంటమనిషి మానేసింది. వంటమనిషికి బంగ్లా వెనక ఓ గది ఇస్తారు. ఆ గది కోసం అవ్వ దొరసానిని బతిమాలింది.

ఆవిడ చెడ్డ మనిషేం కాదు. "శుక్రవారం మా పాప పుట్టినరోజు. కేకు చెయ్యడం వచ్చా నీకు? చేసి తీసుకురా, చూద్దాం" అంది.

అవ్వ జన్మలో కేకు ముట్టుకోలేదు. "అస్తదమ్మా" అనేసి వచ్చింది!

వచ్చి నేరుగా పక్క క్వార్టరులో మేం ఖాలా అని పిలిచే ఆవిడ దగ్గరికి పరుగు. ఖాలా పుట్టిల్లు హైదరాబాదు, వాళ్ల నాన్నది చిన్న బేకరీ. "ఫికర్ జెయ్యకు చెల్లె... బట్టీ లేకుంటేంది, గిన్నెలనే చేద్దాం" అంది.

కొత్తగా చేసేవాళ్లు రాసుకోండి, ఇది ఖాలా చెప్పిన పద్ధతే. మందపాటి పెద్ద గిన్నె ఒకటి, దాంట్లో పట్టే చిన్న అల్యూమినియం గిన్నె ఒకటి, బరువైన మూత. కడిగి ఎండబెట్టిన ఇసుక పెద్ద గిన్నెలో రెండు వేళ్ల మందాన పోసి ముందే కాగనివ్వాలి. గ్లాసు మైదా, ముప్పావు గ్లాసు చక్కెర పొడి, మూడు గుడ్లు, అర గ్లాసు కరిగిన వనస్పతి, రెండు చెంచాల పెరుగు, పావు చెంచా వంటసోడా, నాలుగు ఏలకులు. గుడ్లూ చక్కెరా కవ్వంతో చెయ్యి నొప్పి పుట్టేదాకా చిలకండి, కేకు పొంగేది దాంతోనే. మైదా వేశాక మాత్రం చిలక్కూడదు, మెల్లగా కలిపితే చాలు. చిన్న గిన్నెకు లోపల వనస్పతి రాసి, పిండి చల్లి, సగానికే పోసి, కాగిన ఇసుక మీద పెట్టి పెద్ద గిన్నెకు మూత వెయ్యండి.

కింద సన్నటి సెగ, మూత మీద నిప్పులు. అరగంట దాకా మూత తియ్యొద్దు... ఇంకో మాట ఖాలా రెండుసార్లు చెప్పింది. "మూత మీద కట్టెబొగ్గులే ఎయ్యాలె. కంపెనీ బొగ్గు ఎయ్యకుండ్రి. పొగ లోపలికి దిగుతది."

శుక్రవారం మధ్యాహ్నం అవ్వ నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. "నిప్పులు సల్లారితే నన్ను పిలువు బిడ్డా" అని చెప్పి నల్లా దగ్గరికి నీళ్లకు పోయింది.

నిప్పులు బూడిదవుతున్నాయి. కట్టెబొగ్గులు అయిపోయాయి. పిలిస్తే నల్లా దగ్గర అవ్వ వంతు పోతుందనుకున్నాను... వాకిట్లో కుప్పలోంచి రెండు పచ్చి బొగ్గు పెళ్లలు తెచ్చి మూత మీద పెట్టాను. పొగ లేచింది. విసనకర్రతో ఊపుతూ కూర్చున్నాను. అవ్వ వచ్చేసరికి పెళ్లలు ఎర్రబడ్డాయి. నేనేం చెప్పలేదు.

చీపురుపుల్ల గుచ్చి చూస్తే తడి అంటలేదు. ఎంత బాగా పొంగిందో! బాపు దగ్గుకుంటూనే వంగి వాసన చూశాడు. "ఏలకుల వాసన గమ్మని అస్తున్నది" అన్నాడు. ఖాలా కూడా ముక్కు దగ్గర పెట్టుకుని "బహుత్ అచ్ఛా" అంది. ఏళ్ల తరబడి ఆ పొగలోనే ఉన్నవాళ్లం... ఎవరికి తెలుస్తుంది?

బంగ్లాకు నేనూ వెళ్లాను, అవ్వ కొంగు పట్టుకుని. పాప ఓ ముక్క నోట్లో పెట్టుకుని వెంటనే ఉమ్మేసింది. "మమ్మీ, పొగ!"

దొరసాని వాసన చూసి, "అయ్యో... ఇదంతా పొగ వాసన కదమ్మా, నీకు తెలియలేదా?" అంది.

అవ్వ తల వంచి మళ్లీ వాసన చూసింది. నిజంగానే చూసింది. "నాకేం అస్తలేదమ్మా" అంది.

ఆ మాటతో గది పోయింది. వాసన తెలియని మనిషిని వంటకు ఎవరు పెట్టుకుంటారు?

ఇంటికొచ్చి పళ్లెం కింద పెట్టి, "నా చెయ్యే మంచిది గాదు" అంది బాపుతో. నేను మూలన కూర్చుని విన్నాను.

నెల తిరిగేసరికి బసంత్‌నగర్ రోడ్డు పక్కన రేకుల గుడిసెలో ఉన్నాం. బాపు ఆ వానాకాలం దాటలేదు. అవ్వ మట్టి తట్టలు మోసింది. చుట్టాల ఇళ్లలో పెళ్లి వంటకు సాయం రమ్మంటే, పొయ్యి దగ్గరికి పోకుండా కూరగాయలు తరిగే దగ్గరే కూర్చునేది. ఎవరైనా అడిగితే అదే మాట... "నా చెయ్యి మంచిది గాదు." నేను పెద్దదాన్నయ్యాను, నాకు పిల్లలు పుట్టారు, అయినా చెప్పలేకపోయాను. అవ్వ ఆ మాట నమ్మే పోయింది.

ఇప్పుడు వాకిట్లో బొగ్గుల పొయ్యిలు లేవు. మా క్వార్టర్లూ లేవు, కూల్చేశారు. నాకు మంచి ఓవెన్ ఉంది. అయినా కేకు బయటికి తియ్యగానే పక్కింటి అమ్మాయిని పిలుస్తాను, కాస్త వాసన చూడమ్మా అని. "బాగుంది ఆంటీ" అంటుంది. నాకు మాత్రం తినబుద్ధి కాదు...

అమ్మ దగ్గర దాచిన తప్పు మీకూ ఏదైనా ఉంటే ఇక్కడ రాయండి అందామనుకున్నాను. వద్దు... అమ్మ ఉంటే లేచి వెళ్లి ఆమెకే చెప్పండి. మా అవ్వ చెయ్యి మంచిదేనని నేను ఇవాళ మీ అందరికీ చెప్పగలిగాను. వినాల్సింది ఆమె ఒక్కతే.