కిటికీ మీది గ్లాసు

మొన్న బీరంగూడల మా ఆయనకు గడ్డం సబ్బు కొంటుంటే, డబ్బా మీద శాకాహారమని ఆకుపచ్చ చుక్క కనవడ్డది. మా తాత యాదికొచ్చిండు.

పటాన్‌చెరుల మాది కిరాణం దుకాణం. తాత రోజూ పొద్దుగాల గడ్డం గీసుకొని, తానం చేసి పూజకు కూసునేటోడు. మా ఇంట్ల కిరాయికుండే మల్లేశన్న బొల్లారంల సబ్బుల కంపెనీకి పోయేటోడు. ఒకనాడు ఆయనే మాటల్ల చెప్పిండు.

"నురుగు చిక్కగ నిలవాల్నని గడ్డం సబ్బుల పశువుల కొవ్వు ఏస్తం, సేటూ."

తాత ఆ సబ్బు బయట పారేసిండు. ఒట్టి నీళ్లతోని గీసుకుంటే చెంప తెగి నెత్తురొచ్చేది. నానమ్మ మల్లేశన్న నీళ్లు తాగే గ్లాసును వేరు చేసి, వాకిట్ల కిటికీ మీద పెట్టింది. నాకు లేని సొంత గ్లాసు ఆయనకున్నదని నేను కుళ్లుకున్న.

ఏడాది తిరగకముందే మల్లేశన్న సంబురంగ కొత్త సబ్బు తెచ్చిండు.

"మీ అసొంటోళ్లు కొంటలేరని కొవ్వు బంద్ చేసిండ్రు సేటూ. ఇగ అంత పామాయిలే."

తాత వాసన చూసి, చెంపలకు రాసుకున్నడు. "నురుగు పాతదే మంచిగుండె," అన్నడు మెల్లగ.

కొత్త సబ్బు ఇంట్లకొచ్చింది. మల్లేశన్న ఇల్లు ఖాళీ చేసేదాంక ఆ గ్లాసు మాత్రం కిటికీ దిగలే.