మా కుక్క ముట్టని ముద్ద

మాది కొల్లాపూర్ పక్కన గొర్లు కాసుకునే ఇల్లు. మందను ఎత్తుకుపోయే దొంగలు ముందుగా విషం పూసిన మాంసం విసిరి కాపలా కుక్కను చంపుతారు. అందుకే కుక్కకు పిల్లగా ఉన్నప్పుడే నేర్పుతాం. మా ఇంటివాళ్ళ నోటి నుంచి "ఇగ తిను" అన్న మాట వచ్చేదాకా ముందు ఏం పెట్టినా అది ముట్టదు.

పోయినేడు ఒక సినిమా డైరెక్టర్ వచ్చాడు. అడవిలో తప్పిపోయిన పాపను కుక్క ఇంటికి చేర్చే కథ. పాప వేషం ఆయన కూతురిదే. తర్ఫీదు ఇచ్చిన కుక్కను తెచ్చుకునే స్తోమత లేక మా కుక్కను అడిగాడు. రోజూ నేనే వెంట వెళ్ళి తినిపించేదాన్ని. కృష్ణానది అవతల షూటింగ్ ఉన్న రోజు మాత్రం, ఏరు దాటించే పుట్టిలో నాకు చోటు లేదన్నాడు.

"సార్, మేం చెప్పందే ఇది తినదు."

"ఆకలేస్తే అదే తింటుందిలేమ్మా" అని నవ్వాడు.

సాయంత్రానికి వాన పట్టుకుంది, ఏరు పొంగసాగింది. సినిమావాళ్ళు కుక్కను అవతలి ఒడ్డునే చెట్టుకు కట్టేసి, దాని ముందు బిర్యానీ పోసి, తాము మాత్రం లాడ్జికి వచ్చి పడుకున్నారు. నేను ఫోన్ చేస్తే తమ దగ్గరే ఉందని చెప్పాడు. మూడోనాడు ఏరు తగ్గాక చేపలు పట్టేవాళ్ళు దాన్ని తెచ్చి మా వాకిట్లో దించారు.

"అన్నం అట్లనే పాసిపోయింది బిడ్డా. వాననీళ్ళు తాగి బతికినట్టుంది."

తల ఎత్తే ఓపిక కూడా లేదు దానికి. నాకు ఒళ్ళంతా మండిపోయింది.

కొన్నాళ్ళకు ఆ పెద్దమనిషి పండ్ల బుట్టతో మళ్ళీ దిగాడు. తప్పయిందన్న మాట లేదు. చివరి సీను మిగిలిందట. ఇల్లు చేరిన కుక్క పాప చేతి ముద్ద తినాలట. సరేనన్నాను. దాన్ని ఇంకోసారి మాడ్చడం ఇష్టం లేక, పొద్దున్నే కడుపునిండా సంగటి పెట్టి తీసుకెళ్ళాను.

పాప ముద్ద చాచింది. కుక్క నా వైపు చూసింది. నేను నోరు మెదపలేదు. మళ్ళీ మళ్ళీ తీశారు. పొద్దు వాలిపోతోంది. ఆఖరికి డైరెక్టరే మోకాళ్ళ మీద కూర్చుని, కోడిముక్క పట్టుకుని "తిను నాన్నా" అని బతిమాలాడు. చొంగ కారుతున్నా అది కదల్లేదు.

"ఒక్క మాట చెప్పమ్మా, నీకు దండం పెడతా."

"నేను చెప్ప సార్. జర మంచిగ చూడుండ్రి. ఆ పొద్దు ఏటి అవుతల గూడ గిట్లనే కూసున్నది, నేనొస్తనని."

ఆయన ముఖం పాలిపోయింది. నేను కుక్కను తోలుకుని ఇంటికి వచ్చేశాను. చివరి సీను లేక ఆ సినిమా ఇంకా విడుదల కాలేదట. ఆ కబురు విన్నప్పుడల్లా నా కడుపు చల్లబడుతుంది.