ఖాళీ వరుసలో రాసిన పేరు

ఇరవై అయిదేళ్ల నాలుగు నెలలుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దాని తేదీ 1999 సెప్టెంబరు 16, గురువారం. నాకిప్పుడు ఎనభై నాలుగు. మీరెవరో తెలియదు కనుకే మీతో చెప్పగలుగుతున్నాను.

టీచరుగా రిటైరయ్యాక మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీకి రాసేదాన్ని. ఇంటర్నెట్లో పెట్టడానికి తెలుగు వ్యాసాలు తయారుచేసేవారు వాళ్లు. మేం ఎనిమిదిమంది రచయితలం. జీతం లేదు, వ్యాసానికింత అని ఇచ్చేవారు. ఇంట్లో కాగితం మీద రాసి తెస్తే అక్కడ టైపు చేసుకునేవారు. ఒకే విషయం ఇద్దరు రాయకుండా, ముందుగా దాన్ని ఒక రిజిస్టరులో తేదీ వేసి నమోదు చేయించాలి. ముందు తేదీ ఎవరిదైతే విషయం వాళ్లది. నా దగ్గర లెక్క తప్పదని ఆ రిజిస్టరు నాకే అప్పగించారు. వారానికీ వారానికీ మధ్య ఒక వరుస ఖాళీగా వదలడం నా అలవాటు.

సుగుణ బోరబండ నుంచి వచ్చేది. అప్పటికి ముప్పై ఏళ్లుంటాయి. మెదక్ జిల్లా మనిషి, భర్త గచ్చిబౌలిలో వాచ్‌మన్. తల్లి కూలీ; సుగుణ భవనాలు కట్టేచోటే పెరిగింది. తన రాతలో తప్పులుంటాయన్న బెరుకుతో ముందు నాకు చూపించి దిద్దించుకునేది. ఆ గురువారానికి ముందు మంగళవారం పదకొండు కాగితాలు తెచ్చింది. కూలి తల్లులు మూడిటుకల పొయ్యి మీద వండే వంటల గురించి. తడిసిన సిమెంటు సంచి మండదనీ, దాని పొగ మాత్రం సరిగ్గా పిల్లల కళ్లలోకే వస్తుందనీ రాసింది. ముప్పై ఒక్క ఏళ్లు తెలుగు చెప్పిన నాకు అలాంటి వాక్యం ఒక్కటైనా ఎందుకు రాలేదు? మాలో ఒకరిని ఆ నెలలో ఉద్యోగంలోకి తీసుకుంటారని అందరికీ తెలుసు. ఆ కాగితాలు చదివాక ఎవరిని తీసుకుంటారో నాకు తెలిసిపోయింది.

దిద్ది ఉంచుతాను, రిజిస్టరులో నేనే ఎక్కిస్తాను అన్నాను. ఆమె నమ్మి వెళ్లింది. రెండు వారాల కిందటి ఖాళీ వరుసలో ఆ విషయం రాసి, పక్కన నా పేరు రాశాను. సిరా రంగు కలవాలని పాత పెన్ను వెతికి తీశాను. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి. అదీ చెప్పాలి. బుధవారం మొత్తం నా చేతిరాతలో ఎత్తి రాసి ఎడిటర్‌కి ఇచ్చాను.

గురువారం టైపవుతున్న ఆ వ్యాసం మీద నా పేరు చూసి సుగుణ గొడవపడితే ఎడిటర్ ఇద్దరినీ పిలిచాడు.

"మేడం రెండు వారాల ముందే నమోదు చేశారే," అన్నాడు రిజిస్టరు తిప్పుతూ.

"గా పొయ్యి మా అమ్మది సార్. టీచరమ్మా, జర మీరే చెప్పున్రి. మొన్న మంగళారం మీ చేతికే ఇయ్యలే?"

"నాకేమీ ఇవ్వలేదు. తేదీ ఉంది, చూసుకో."

"తేదీ మీ చేతుల ఉన్నది. ఎన్నడన్న గసొంటి పొయ్యి ఊదిన్రా మీరు?"

"పొయ్యి ఊదినవాళ్లందరికీ రాయడం రాదమ్మా."

టైపు చేసే పిల్లలు నవ్వారు. ఎడిటర్ కూడా నవ్వాడు. సుగుణ నా ముఖంలోకి చూసి, "మంచిది టీచరమ్మా, ఇగ మీరే రాయున్రి," అని వెళ్లిపోయింది.

ఉద్యోగం నాకే వచ్చింది. కంపెనీ మూతపడేదాకా పద్నాలుగు నెలలు చేశాను. ఆ వ్యాసాన్ని మెచ్చుకుంటూ వచ్చిన ఉత్తరాలకు నేనే జవాబులు రాశాను.

ఆ సెప్టెంబరు నెలాఖరునే సుగుణ భర్త వాచ్‌మన్ దుస్తుల్లోనే నా దగ్గరికి వచ్చాడు. ఉద్యోగం మాట ఎత్తలేదు. కాగితాలు తిరిగి ఇస్తే చాలన్నాడు. ఆమెకు వేరే నకలు లేదట. నా దగ్గర లేవన్నాను. అవి నా సంచిలోనే ఉన్నాయి. ఎందుకివ్వలేదు? ఆమె చేతిరాత సాక్ష్యమవుతుందని భయపడ్డానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది కాదు. అవి చేతికొస్తే ఆమె మళ్లీ రాస్తుందని. ఇంటికెళ్లి చింపాను. కాగితానికి నాలుగు ముక్కలు, మొత్తం నలభై నాలుగు.

మూసాపేటలోని మా ఇంటికి బోరబండ దగ్గరే. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా వెతుక్కుంటూ వెళ్లలేదు. ఆమె ఆ తరవాత ఏమైనా రాసిందా? తెలియదు. తెలుసుకోవాలని నిజంగా ఉందా? అదీ తెలియదు.

ఆ వ్యాసం సుగుణది. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా. ఆమె క్షమిస్తుందని రాయడం లేదు. మీరు క్షమించడానికి మీ దగ్గర నుంచి నేనేమీ తీసుకోలేదు. అయినా ఇది రాశాక గుండె కాస్త తేలికగా ఉంది. ఆ తేలికకు కూడా సిగ్గుపడుతున్నాను.